దొంగ సంతకం ఇంట్లోవాళ్లదైతే

1929 అక్టోబరులో ఇంగ్లండ్‌లో గ్రీన్‌వుడ్ అనే ఆయన భార్యను ఒక చెక్కు అడిగాడు. సోదరుడికి ఇరవై పౌండ్లు అప్పు ఇద్దామని ఆయన ఉద్దేశం. చెక్కు పుస్తకం, పాస్‌బుక్ రెండూ ఆమె దగ్గరే ఉండేవి. బ్యాంకులో డబ్బేమీ లేదని ఆమె చెప్పింది. ఏమైందని నిలదీస్తే అసలు సంగతి బయటికొచ్చింది. భర్త సంతకం తానే పెట్టి విడతలు విడతలుగా సొమ్ము తీసేసిందట. కోర్టు వ్యవహారంలో చిక్కుకున్న తన తోబుట్టువు కోసం ఖర్చు పెట్టానని చెప్పి, దయచేసి బ్యాంకులో చెప్పొద్దని బతిమాలింది. ఆయన మనసు కరిగింది. చెప్పలేదు.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. 1930 జూన్‌లో ఆ కోర్టు వ్యవహారం మాట కూడా అబద్ధమేనని ఆయనకు తెలిసింది. ఇక ఊరుకునేది లేదు, బ్యాంకుకు వెళ్లి అంతా చెప్పేస్తానన్నాడు. ఆ మాట విన్న ఆమె ప్రాణం తీసుకుంది.

తర్వాత ఆయన మార్టిన్స్ బ్యాంకు మీద దావా వేశాడు. నా సంతకం లేని చెక్కులకు నా ఖాతాలోంచి ఎలా చెల్లించారు, ఆ నాలుగు వందల పది పౌండ్ల చిల్లర తిరిగి ఇవ్వండి అన్నది ఆయన వాదన. మొదటి కోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి, అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా బ్యాంకు వైపే మొగ్గింది. న్యాయశాస్త్ర గ్రంథాల్లో ఇది 1933 నాటి గ్రీన్‌వుడ్ కేసుగా నిలిచిపోయింది. ఇంట్లోవాళ్లు దొంగ సంతకాలు పెడితే బ్యాంకు బాధ్యత ఎంతవరకు అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా లాయర్లు ఇప్పటికీ ఈ కేసు దగ్గరికే వెళతారు.

అయితే ఆయన ఓడిపోయింది ఎందుకో సరిగ్గా అర్థం చేసుకోవాలి. చెక్కు పుస్తకం భార్యకు అప్పగించినందుకు కాదు. పాస్‌బుక్ చూసుకోనందుకూ కాదు. తెలిసిన తర్వాత నోరు మెదపనందుకు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ చట్టం ప్రకారం భార్య చేసిన ఇలాంటి తప్పుకు భర్తనూ కలిపి దావా వేయవచ్చు. ఆయన అక్టోబరులోనే చెప్పి ఉంటే బ్యాంకు వాళ్లిద్దరి మీదా దావా వేసి తన నష్టం రాబట్టుకునేది. ఆమె మరణంతో ఆ దారి మూసుకుపోయింది. నీ మౌనం వల్ల బ్యాంకు తన హక్కు పోగొట్టుకుంది, కాబట్టి ఇప్పుడు ఆ సంతకం నాది కాదనే హక్కు నీకు లేదు అని కోర్టు తేల్చింది. భార్య తప్పుకు భర్తను లాగే ఆ పాత నియమం 1935లో రద్దయింది. ఫోర్జరీ సంగతి తెలిసిన వెంటనే బ్యాంకుకు చెప్పి తీరాలన్న సూత్రం మాత్రం అలాగే ఉంది.

మన ఇళ్లలో కూడా గ్రీన్‌వుడ్‌లు చాలామంది ఉన్నారు. కొడుకు పరువు పోతుందని, కూతురి కాపురం చెడుతుందని, అల్లుడి ఉద్యోగం ఊడుతుందని నోరు కుట్టేసుకునే తల్లిదండ్రులు. చట్టం నిజానికి వాళ్ల పక్షాన ఎంత గట్టిగా నిలబడిందో వాళ్లకు ఎవరూ చెప్పరు. ఆ అండ ఎప్పుడు, ఎలా జారిపోతుందో కూడా చెప్పరు.

ముందు అండ సంగతి.

బ్యాంకులో వేసిన డబ్బు ఎవరిది? నాదే అంటాడు ఖాతాదారు. చట్టం చెప్పేది కాస్త వేరు. డబ్బు జమ చేసిన క్షణం నుంచి ఆ నోట్లు బ్యాంకువి. ఖాతాదారు బ్యాంకుకు అప్పిచ్చినవాడు, బ్యాంకు అప్పుపడినది. 1848లో ఇంగ్లండ్‌లో ఫోలీ కేసులో స్థిరపడిన ఈ సూత్రమే మన బ్యాంకింగ్ చట్టానికీ పునాది. చెక్కు అంటే, నాకివ్వాల్సిన బాకీలోంచి ఇంత సొమ్ము ఫలానావాళ్లకు ఇవ్వు అని ఖాతాదారు బ్యాంకుకు రాసిచ్చే ఆజ్ఞ. సంతకం దొంగదైతే ఆజ్ఞే లేదు. ఆజ్ఞ లేకుండా క్యాషియర్ డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడంటే అది బ్యాంకు సొంత డబ్బు ఇచ్చినట్టు. ఖాతాదారుకు బ్యాంకు పడిన బాకీలో ఒక్క రూపాయి కూడా తగ్గదు.

అందుకే చాలామంది వేసే ప్రశ్నలు ఇక్కడ అంతగా పనికిరావు. సంతకం అచ్చం నమూనా సంతకంలాగే ఉంది కదా? ఉన్నా సరే. బ్యాంకు మంచి నమ్మకంతోనే చెల్లించింది కదా? చెల్లించినా సరే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం బ్యాంకులకు కొన్ని రక్షణలు ఇచ్చింది. చెక్కును ఇంకొకరికి బదిలీ చేస్తూ దాని వెనకాల పెట్టే సంతకం, అంటే ఎండార్స్‌మెంట్, ఫోర్జరీ అయితే, సక్రమంగా చెల్లించిన బ్యాంకును 85వ సెక్షన్ కాపాడుతుంది. చెక్కు ముందువైపు ఖాతాదారు సంతకమే దొంగదైతే అలా కాపాడే సెక్షన్ లేదు.

బిహార్‌లో బిహ్టా అనే చోట చెరకు రైతుల సహకార సంఘం ఒకటి ఉండేది. దాని ఖాతాలోంచి డబ్బు తీయాలంటే ఇద్దరు సంతకం చేయాలి. పదకొండు వేల రూపాయల చెక్కు ఒకటి బ్యాంకులో చెల్లిపోయింది. ఒక సంతకం అసలైనది, రెండోది ఫోర్జరీ. ఒకరి సంతకం నిజమే కదా అని బ్యాంకు ఎంత వాదించినా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇద్దరి ఆజ్ఞ కావలసిన చోట ఒకరి ఆజ్ఞ చెల్లదని తీర్పు చెప్పింది. అపార్ట్‌మెంట్ సంఘాలు, గుడి కమిటీలు, ఇద్దరు లీడర్ల సంతకాలతో ఖాతాలు నడిపే మన డ్వాక్రా సంఘాలు గుర్తుపెట్టుకోవలసిన తీర్పు ఇది.

అంతకన్నా పెద్దది 1987లో వచ్చింది. కెనరా సేల్స్ కార్పొరేషన్ అనే కంపెనీకి కెనరా బ్యాంకులో కరెంటు ఖాతా ఉండేది. కంపెనీ లెక్కలు చూసే ఉద్యోగే మేనేజింగ్ డైరెక్టర్ సంతకాన్ని ఫోర్జరీ చేయడం మొదలుపెట్టాడు. ఒకటి కాదు, రెండు కాదు, 42 చెక్కులు. 1957 నుంచి 1961 వరకు, దాదాపు నాలుగేళ్ల పాటు. మొత్తం 3,26,047 రూపాయల 92 పైసలు. ఆ రోజుల్లో అది ఎంత సొమ్మో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. సంగతి బయటపడ్డాక కంపెనీ బ్యాంకును డబ్బడిగింది. బ్యాంకు చెప్పిన సమాధానం వినడానికి సబబుగానే ఉంటుంది: మేము మీకు ఎప్పటికప్పుడు ఖాతా లెక్కలు పంపుతూనే ఉన్నాం, మీరు చూసుకోలేదు, మీ ఇంటి మనిషిని మీరే అదుపులో పెట్టుకోలేదు, ఇప్పుడు మమ్మల్ని అంటే ఎలా?

సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. లెక్కలు సరిచూసుకోకపోవడం ఒక్కటే బ్యాంకును గట్టెక్కించదని, ఫోర్జరీ సంగతి తెలిసి కూడా ఖాతాదారు దాన్ని తనదిగా ఒప్పుకున్నాడనో, తన మాటతో, నడతతో బ్యాంకును నమ్మించాడనో రుజువు చేస్తే తప్ప బ్యాంకు తప్పించుకోలేదని చెప్పింది. ఎంతకాలం గమనించకుండా ఉన్నా, అది కేవలం గమనించకపోవడమే అయితే నష్టం బ్యాంకుదే. ఖాతా తెరిచేటప్పుడే లెక్కలు సరిచూసి ఇన్ని రోజుల్లో చెప్పాలన్న స్పష్టమైన ఒప్పందం రాసుకుంటే అది వేరే సంగతి. ఖాతా ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదవాలని చెప్పేది అందుకే.

సరిగ్గా ఇదే ఆలోచనను అంతకు రెండేళ్ల ముందు, 1985లో, హాంకాంగ్‌కు చెందిన తాయ్ హింగ్ మిల్లు కేసులో, అప్పట్లో అక్కడి తుది అప్పీళ్లు వినే ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. అక్కడ అకౌంట్స్ గుమాస్తా మూడు వందల దాకా చెక్కులు ఫోర్జరీ చేసి 55 లక్షల హాంకాంగ్ డాలర్ల దాకా తీశాడు. బ్యాంకు పట్ల ఖాతాదారుకు ఉన్న బాధ్యతలు రెండే అన్నారు న్యాయమూర్తులు. మోసానికి వీలిచ్చేలా చెక్కు రాయకూడదు. ఫోర్జరీ తెలిసిందంటే చెప్పాలి. అంతే.

ఈ తీర్పుల్లో దొంగ గుమాస్తా. మరి కొడుకైతే, కోడలైతే, భర్త అయితే? చట్టం దృష్టిలో తేడా లేదు. ఖాతాదారు ఆజ్ఞ ఇచ్చారా లేదా అన్నదొక్కటే ప్రశ్న. సంతకం పెట్టినది పక్కింటివాడా, పక్క గదిలో పడుకునేవాడా అన్నది దానికి జవాబు కాదు. బ్యాంకు డబ్బు తిరిగి ఇచ్చాక, ఆ సొమ్మును ఫోర్జరీ చేసినవాళ్ల నుంచి రాబట్టుకునే హక్కు బ్యాంకుకు ఉంది. అంటే కొడుకు వెంట పడాల్సింది బ్యాంకు, తల్లి కాదు.

బ్యాంకు కౌంటర్ దగ్గర మాత్రం ఈ మాట వినపడదు. మీ అబ్బాయే కదమ్మా, ఇంట్లో మాట్లాడుకోండి, కేసులంటే వాడి భవిష్యత్తు ఏం కాను అని మేనేజరు నెమ్మదిగా అంటాడు. ఆ మాటలో జాలి ఉండవచ్చు. కానీ ఆ మాట విని వెనక్కి తిరిగి వచ్చేసిన ప్రతి తల్లీ తన హక్కును కౌంటర్ మీదే వదిలేసి వస్తోంది. ఇది కుటుంబ వ్యవహారం కాదు, బ్యాంకు తీర్చాల్సిన బాకీ.

ఇక ఆ అండ ఎక్కడ జారిపోతుందో చూద్దాం.

అన్నిటికన్నా ప్రమాదం ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి బీరువాలో ఉంచడం. ఊరెళ్లేటప్పుడు, ఆపరేషన్‌కి వెళ్లేటప్పుడు, అవసరం పడుతుందేమోనని నాలుగు చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇంట్లో ఇచ్చి వెళ్లే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. ఆ చెక్కు మీద ఎవరు ఎంత అంకె వేసుకున్నా సంతకం అసలైనదే. బ్యాంకుకు ఆజ్ఞ అందినట్టే. 1918 నాటి మెక్‌మిలన్ కేసు ఇంకా ముచ్చెమటలు పట్టించేది. గుమాస్తా రెండు పౌండ్లకని చెక్కు తెస్తే యజమాని సంతకం చేశాడు. అక్షరాల్లో మొత్తం రాయనే లేదు, అంకెకు అటూ ఇటూ చోటు వదిలి ఉంది. గుమాస్తా ఆ 2కు ముందు ఒకటి, వెనక సున్నా చేర్చి, అక్షరాల్లో నూట ఇరవై పౌండ్లు అని రాసుకుని బ్యాంకులో తీసుకున్నాడు. నష్టం యజమాని భరించాల్సి వచ్చింది.

ఉమ్మడి ఖాతాలు ఇంకో సంగతి. భార్యాభర్తలకు ఈదర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో ఖాతా ఉంటే ఎవరి సంతకంతోనైనా ఎంతైనా తీయవచ్చు. భర్త తన సంతకంతోనే ఖాతా మొత్తం ఊడ్చేస్తే అది ఫోర్జరీ కాదు, బ్యాంకు తప్పు అసలే లేదు. భార్య తేల్చుకోవలసింది భర్తతోనే. ఇది తెలియక ఎంతమంది ఆడవాళ్లు బ్యాంకుల చుట్టూ తిరుగుతున్నారో. కాపురంలో పొరపొచ్చాలు వచ్చాయనిపిస్తే ముందుగా ఖాతా నడిపే పద్ధతి మార్చమని, ఇద్దరి సంతకాలూ ఉంటేనే చెల్లించమని బ్యాంకుకు రాసివ్వడం మంచిది.

మోసంతో పెట్టించుకున్న సంతకం మూడో రకం. పెన్షన్ కాగితాలమ్మా, ఇక్కడ సంతకం పెట్టు అని చెక్కు ముందు పెట్టి పెట్టించుకుంటే అది మోసమే, నేరమే. కానీ సంతకం ఆమెదే కాబట్టి బ్యాంకు నుంచి రాబట్టడం కష్టం. ఆమె పోరాటం కొడుకుతోనే. అలాంటి తల్లిదండ్రులు పోషణ కోసం 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లవచ్చు.

అన్నిటికన్నా చిక్కైనది అలవాటైపోయిన ఫోర్జరీ. నాన్నకు చెయ్యి వణుకుతుంది, సంతకం కలవడం లేదని బ్యాంకు చెక్కు వెనక్కి పంపుతోంది. కొడుకే నాన్న సంతకం పెట్టేయడం మొదలుపెడతాడు. నాన్నకు తెలుసు, ఏమీ అనడు. కరెంటు బిల్లుకు, మందులకు, పాలవాడికి రెండేళ్లు అలాగే నడుస్తుంది. మూడో ఏడు కొడుకు నాలుగు లక్షలు తీసి అప్పులు తీర్చుకుంటాడు. అప్పుడు నాన్న వచ్చి సంతకం నాది కాదంటే, మరి ఆ రెండేళ్ల చెక్కుల సంగతేమిటి అని బ్యాంకు అడుగుతుంది. మీరే ఒప్పుకుని నడిపించిన సంతకం ఇది, దాన్ని చూసే మేము నమ్మాం అంటుంది. ఆ వాదన కోర్టులో నిలబడే అవకాశం ఎక్కువ. చెయ్యి కదలని పెద్దవాళ్ల కోసం రిజర్వు బ్యాంకు ఎప్పుడో దారి చూపించింది. వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర, ఇద్దరు సాక్షులతో చాలు. ఆ ఇద్దరిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఈ సౌకర్యం ఉందని చెప్పకుండా, సంతకం కలవలేదు వెళ్లిరండి అని పెద్దవాళ్లను తిప్పే శాఖలే ఇళ్లలో ఫోర్జరీకి విత్తనం వేస్తున్నాయి. ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

మౌనం దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే ఎక్కువ కేసులు మునిగిపోయేది అక్కడే. పెద్ద చెక్కు వచ్చినప్పుడు బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. అమ్మా, రెండు లక్షల చెక్కు వచ్చింది, మీరిచ్చిందేనా? ఆమెకు గుండె గుభేలుమంటుంది. ఎదురుగా కొడుకు నిలబడి ఉన్నాడు. అవును బాబూ, నేనే ఇచ్చాను అంటుంది. ఆ ఒక్క మాటతో ఆ చెక్కు ఆమెదైపోయింది. తర్వాత ఏ కోర్టు కూడా ఆమెను ఆదుకోవడం కష్టం. అంతే కాదు, ఆ మొదటిసారి కాపాడినందువల్ల తర్వాత వచ్చే చెక్కుల మీద కూడా ఆమె వాదన బలహీనపడుతుంది.

ఆమె భయం ఉత్తుత్తిది కాదని కూడా చెప్పాలి. బ్యాంకులు సాధారణంగా పోలీసు ఫిర్యాదు నకలు అడుగుతాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 338వ సెక్షన్ కింద, పాత పీనల్ కోడ్‌లో 467 కింద, విలువైన పత్రాన్ని ఫోర్జరీ చేస్తే పదేళ్ల దాకా, యావజ్జీవం దాకా కూడా శిక్ష పడవచ్చు. చెక్కు అలాంటి పత్రమే. ఇంట్లో రాజీ కుదిరింది కదా అని స్టేషన్‌కి వెళ్లి కేసు వెనక్కి తీసుకోవడం కుదరదు. కొట్టివేయమని హైకోర్టుకు వెళ్లాలి. కన్నబిడ్డ పేరు ఆ కాగితం మీద రాయడం ఏ తల్లికైనా ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఒక తేడా ఆమెకు ఎవరైనా చెప్పాలి. బ్యాంకుకు రాయవలసింది ఈ సంతకం నాది కాదు అని మాత్రమే. ఎవరు పెట్టారో తేల్చడం ఆమె పని కాదు. బ్యాంకు నుంచి డబ్బు రావడానికి ఎవరికో శిక్ష పడాల్సిన అవసరమూ లేదు. అలాగని తెలిసిన పేరు అడిగినప్పుడు తెలియదని అబద్ధం ఆడకూడదు. ఆ అబద్ధమే రేపు ఆమె మెడకు చుట్టుకుంటుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ కథ ఇంకో రకంగా ఉంటుంది. అక్కడ చెక్కులు ఇప్పటికీ ఇంటద్దెకూ, చిన్నాచితకా చెల్లింపులకూ వాడుకలో ఉన్నాయి. ఒకే అపార్ట్‌మెంట్‌లో నలుగురు కుర్రాళ్లు ఉండటమూ మామూలే. దొంగ సంతకం ఉన్న చెక్కు సొమ్మును ఖాతాలోంచి తీయడానికి వీల్లేదన్న మూలసూత్రం అక్కడి యూనిఫామ్ కమర్షియల్ కోడ్‌లోనూ ఉంది. కానీ మన సుప్రీంకోర్టు ఖాతాదారు మీద పెట్టని బరువు అక్కడ చట్టమే పెట్టింది. బ్యాంకు స్టేట్‌మెంట్ పంపాక ఖాతాదారు సరిచూసుకుని వెంటనే చెప్పాలి. చెప్పకపోతే, అదే మనిషి ఆ తర్వాత చేసే ఫోర్జరీల నష్టం ఖాతాదారు మీద పడుతుంది. దీనికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 30 రోజులు. బ్యాంకు కూడా అజాగ్రత్తగా ఉందని చూపిస్తే నష్టాన్ని ఇద్దరికీ పంచుతారు. ఏడాది దాటితే మాత్రం, ఎవరు జాగ్రత్తగా ఉన్నారు, ఎవరు లేరన్న చర్చే ఉండదు, హక్కు పోయినట్టే. రాష్ట్రాన్ని బట్టి చిన్న చిన్న మార్పులుంటాయి. ఒప్పంద పత్రంలో ఈ గడువులను ఇంకా కుదించే బ్యాంకులూ ఉన్నాయి. రూమ్మేట్ నెలనెలా చిన్న చిన్న చెక్కులు రాసుకుంటుంటే, మొదటి నెల స్టేట్‌మెంట్ విప్పి చూడని కుర్రాడు ఇండియాలో అయితే గెలిచేవాడు, అక్కడ ఎక్కువ భాగం ఓడిపోతాడు.

మన దగ్గర కూడా చెక్కుకు ఉన్న ఈ రక్షణ ఏటీఎం కార్డుకు, ఫోన్‌లో చెల్లింపులకు అలాగే వర్తిస్తుందనుకోకూడదు. 2013లో బెంగళూరులో ప్రసూతి సెలవులో ఉన్న ఒక ఉద్యోగిని, తాను కదల్లేక భర్తకు కార్డు, పిన్ ఇచ్చి 25 వేలు తెమ్మంది. మెషీన్ స్లిప్ ఇచ్చింది, డబ్బు ఇవ్వలేదు, ఖాతాలో మాత్రం తగ్గింది. ఇక్కడ భర్త మోసమే లేదు. అయినా పిన్ ఇంకొకరికి చెప్పడం నిబంధనల ఉల్లంఘన అని బ్యాంకు వాదించింది. 2018లో వినియోగదారుల ఫోరం దాన్నే ఒప్పుకుంది. ఆమెకు డబ్బు రాలేదు. ఎలక్ట్రానిక్ లావాదేవీల మీద 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ కూడా అదే దారిలో ఉంది. బయటివాళ్ల వల్ల మోసం జరిగితే మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు నష్టం ఉండదు. ఖాతాదారే పిన్ లాంటివి చెప్పేసి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. సంతకాన్ని కొడుకు దొంగిలిస్తే చట్టం తల్లి వైపు ఉంటుంది. పిన్ ఆమే చెప్పి ఉంటే ఉండదు.

ఫోర్జరీ బయటపడిన రోజు ఏం చేయాలి? ఆ రోజే బ్యాంకుకు వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వాలి. మాటతో సరిపెట్టకూడదు. ఏ తేదీన, ఏ నంబరు చెక్కు, ఎంత మొత్తం, సంతకం తనది కాదు, సొమ్ము తిరిగి జమ చేయాలి అని నాలుగు ముక్కలు చాలు. నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోవాలి. పుస్తకంలో మిగిలిన చెక్కులకు స్టాప్ పేమెంట్ చెప్పాలి. ఇంటి దొంగలు సాధారణంగా పుస్తకం మధ్యలోంచో చివరి నుంచో చెక్కు చింపుతారు, పైనుంచి చూస్తే తెలియదు. నంబర్లన్నీ వరసగా ఉన్నాయో లేదో లెక్క చూడాలి. చెల్లించిన చెక్కు చూపించమని అడగాలి. ఇప్పుడు చెక్కుల క్లియరింగ్ అంతా చిత్రాల ద్వారా నడుస్తోంది కాబట్టి, వేరే బ్యాంకులో వేసిన చెక్కు అసలు కాగితం ఆ బ్యాంకు దగ్గరే ఉండిపోతుంది. దాన్ని భద్రపరచమని రాతపూర్వకంగానే కోరాలి. చేతిరాత నిపుణులకు అసలు కాగితం కావాలి, ఫొటో చాలదు. కలం ఒత్తిడి, వణుకు, ఆగి మళ్లీ మొదలుపెట్టిన చోటు కాగితం మీదే కనపడతాయి. హైదరాబాద్ రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలకు ఇలాంటి పత్రాలు పరీక్షకు వెళుతుంటాయి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, ఇచ్చిన జవాబు సమంజసంగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. అయితే సాక్షుల్ని పిలిచి, నిపుణుల్ని విచారించి తేల్చాల్సిన వివాదాలను అంబుడ్స్‌మన్ తీసుకోకపోవచ్చు. వినియోగదారుల కమిషన్లకూ ఆ హద్దు ఉంది. మోసం, నేరం లాంటి లోతైన వివాదాలు అక్కడ జరిగే సంక్షిప్త విచారణలో తేల్చలేరని 2023లో సిటీ యూనియన్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకు సంతకం అసలైనదేనని మొండికేస్తే చివరికి సివిల్ కోర్టే దిక్కు. బ్యాంకులో ఉన్న సొమ్ము ఇమ్మని అడిగిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి.

ముందే చేసుకోగలిగిన పనులూ ఉన్నాయి. 2021 జనవరి 1 నుంచి పాజిటివ్ పే అనే పద్ధతి అమల్లోకి వచ్చింది. 50 వేలు, ఆ పైన రాసే చెక్కుల వివరాలు ఖాతాదారు ముందే బ్యాంకుకు తెలియజేయవచ్చు. ఐదు లక్షలు, ఆ పైన చెక్కులకు దీన్ని తప్పనిసరి చేసే వెసులుబాటు బ్యాంకులకు ఉంది. కానీ ఇంటి దొంగ 50 వేల లోపే రాసుకుంటాడు. అతన్ని పట్టించేది ఖాతాలోంచి డబ్బు తీయగానే వచ్చే ఎస్సెమ్మెస్. అది ఎవరి ఫోన్‌కి వస్తుందన్నదే అసలు ప్రశ్న. పల్లెల్లో, పట్నాల్లో ఎందరో పెద్దవాళ్ల ఖాతాలకు కొడుకు నంబరో, మనవడి నంబరో ఇచ్చి ఉంటుంది. చెక్కు చెల్లిందన్న కబురు ఆ చెక్కు రాసుకున్నవాడికే వెళుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వారమే వాళ్లను బ్యాంకుకు తీసుకెళ్లండి. ఖాతాకు వాళ్ల సొంత ఫోన్ నంబరే ఉందో లేదో చూపించండి. చెయ్యి వణికేవాళ్లకు వేలిముద్ర ఏర్పాటు అడగండి. పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించి, ఒక్కో పద్దూ వాళ్లకు వినపడేలా చదివి పెట్టండి.